రెంజల్ ప్రొజెక్టర్‌కు పట్టిన పసుపు

నిజామాబాద్ వెళ్ళొచ్చానంటే తెనాలిలో అందరూ ఒకటే ప్రశ్న. కోట చూశావా? లేదు. గుడి? లేదు. మరి నాలుగు రోజులు ఏం చేశావ్? గోడ మీద తెల్లరంగు కోసం వెతికాను. ఇలా చెబితే మా వదినగారు నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఇదంతా రాస్తున్నాను.

మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పదిహేనేళ్ళుగా మా కంప్యూటర్లను నడిపేది లినక్సు, పెంగ్విన్ బొమ్మ గుర్తుతో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు. ఇందులో సిద్ధాంతమేమీ లేదు. డబ్బు పెట్టి కొనే మనసు లేదు, దొంగ కాపీ వేసే ధైర్యం లేదు, ఇక మిగిలింది లినక్సే. మనకున్న జబ్బు పక్కవాళ్ళకూ అంటించాలనే దురద ఒకటి ఉంటుంది కదా, ఆ దురదతో లావణ్యకు ఒక పాత ల్యాప్‌టాప్ పంపాను. లావణ్య రెంజల్ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది, వ్యవసాయం డిప్లొమా చదివి ఊరి రైతు సంఘం పనులు చూస్తుంది. లినక్సు వాడే తెలుగువాళ్ళ గుంపులో పరిచయమైంది. "ఏ తెరకైనా తగులుకుంటుందమ్మా, కళ్ళు మూసుకుని వాడుకో" అని గొప్పలు కూడా పోయాను.

బుధవారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, నీ పెంగ్విన్ నా ఇజ్జత్ తీసేటట్టున్నది. ప్రొజెక్టర్ల బొమ్మనే వస్తలేదు. ఆదివారం మీటింగున్నది."

గంటసేపు ఫోన్లో వైద్యం చేశాను. ఫలితం లేదు. అప్పుడు అసలు సంగతి చెప్పింది. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరంతా వరిలోకి దిగింది. ఇప్పుడు మళ్ళీ తెరుస్తారన్న మాట గాలిలో ఉంది కాబట్టి ఇరవై ఇళ్ళవాళ్ళు చెరుకు వేద్దామనుకుంటున్నారు. వాళ్ళందరికీ విత్తనపు చెరుకు లావణ్య తండ్రి గంగారాం తోటలోంచే. సోమవారం కోత. ఇంతలో తోటలో పడిపోయిన గడనొకదాన్ని లావణ్య నిలువునా చీల్చి చూసింది. లోపల ఎరుపు, ఆ ఎరుపులో అడ్డంగా తెల్ల మచ్చలు. ఆ తెల్ల మచ్చలుంటే అది ఎర్రకుళ్ళు తెగులే. చీల్చిన గడ రెండు రోజుల్లో ఎండి నల్లబడింది, చేతిలో మిగిలింది ఫొటో. ఆ గడలు నాటితే ఇరవై పొలాలూ కుళ్ళిపోతాయి.

"బాపు ఒప్పుకుంటలేడక్కా. పురుగు తొలిస్తె గూడ ఎర్రగయితదంటడు. సోమవారం దాక తోటల కత్తి పెట్టొద్దన్నడు. ఆఖరికి, సంఘంల సూపియ్, తెల్ల మచ్చ ఉన్నదని పెద్దమనుషులంటే నీ మాట ఇంట అన్నడు."

"ఫోన్లో చూపించొచ్చు కదమ్మా?"

"సూపిచ్చిన. ముసలోళ్ళు వేలు పెట్టి ఇటటు జరిపి, మా చిన్నమ్మ కొడుకు పెండ్లి ఫొటోలల్లకు పోయిండ్రు."

గురువారం తెల్లవారకముందే రైలెక్కాను. లావణ్య కోసమని చెప్పుకున్నాను కానీ, నేను పోయిన గొప్పల కోసం కూడా.

నిజామాబాద్: కనిపించని పక్క గది

స్టేషన్ బయట ఆటో ఎక్కగానే ముక్కుకు పసుపు తగిలింది. ఈ కాలంలో మార్కెట్ యార్డుకు పసుపు లారీలు దిగుతాయి. హమాలీల చొక్కాలు, ఆటో సీట్లు, చాయ్ బండి మీద స్టీలు డబ్బా, అన్నిటి మీదా ఒకటే పొడి. మా ఊళ్ళో పసుపంటే కూరలో చిటికెడు, గడపకు పూత. ఇక్కడ దాన్ని పారతో ఎత్తుతున్నారు.

"సీజన్ అక్కా," అన్నాడు ఆటో అతను. "గీ నెల రోజులు మా ఇంటామె నన్ను వాకిట్లనే దులిపి లోపటికి రానిస్తది."

లాడ్జిలో దిగి ముందు చేసిన పని, గదిలో టీవీకి నా ల్యాప్‌టాప్ తగిలించడం. యుద్ధానికి ముందు సాము లాంటిది. సాములోనే ఓడిపోయాను. ల్యాప్‌టాప్‌కు ఇంకో తెర తగిలిస్తే అది రెండు రకాలుగా నడుచుకుంటుంది. రెండిటి మీదా ఒకే బొమ్మ చూపించడం ఒక పద్ధతి. రెండో తెరను పక్క గదిలా కలుపుకోవడం ఇంకో పద్ధతి. నాది రెండోది ఎంచుకుంది. టీవీ మీద ఖాళీ గోడలాంటి రంగు తప్ప ఏమీ లేదు. బాణం గుర్తు కుడివైపు పోయి మాయమైంది. ఆజ్ఞలు రాసే నల్లటి కిటికీ తెరిచి అది ఎక్కడుందో వెతుకుతుంటే లాడ్జి మేనేజరు షరీఫ్ భాయ్ నీళ్ళ సీసాతో వచ్చాడు. ఉర్దూలో అక్కను ఆపా అంటారట.

"ఆపా, పాటలు పెట్టుకుంటున్నవనుకున్న. గిదేంది, నల్ల పలక మీద రాతలు?"

నేను వివరించాను. ఆయన శ్రద్ధగా విని తలూపాడు.

"సమజయింది. మా కోడలు గంతే. ఇంట్లనే ఉంటది, పిలిస్తే మాత్రం ఇంకో అర్రల ఉంటది."

లినక్సు తెరల గురించి ఇంత చక్కగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. సాయంత్రం ఆయనే హోటల్ చూపించి ఇరానీ చాయ్ తాగించాడు. నేను కాఫీ అడిగితే హోటల్లో నలుగురూ నన్ను ఒంట్లో బాగాలేని మనిషిని చూసినట్టు చూశారు. చాయ్ పదిహేను రూపాయలు. సగం కప్పుకే నాకు రెండు రోజుల తీపి సరిపోయింది.

బోధన్ బస్సు

శుక్రవారమంతా నిజామాబాద్‌లో కన్వర్టర్ కోసం తిరగడంతోనే సరిపోయింది. మా ల్యాప్‌టాప్‌లలో ఉన్నది హెచ్‌డీఎంఐ రంధ్రం, పల్లెల్లో ప్రొజెక్టర్లకు ఉన్నది పదిహేను పిన్నుల పాత వీజీఏ. ఈ ఇద్దరికీ మధ్య దుబాసీ కావాలి. లావణ్య దగ్గర ఒకటి ఉంది కానీ దాన్ని నేను నమ్మలేదు. కొత్తది కొన్నాను.

శనివారం తెల్లారి బోధన్‌లో దిగి, బస్టాండు పక్కన పోహా బండి దగ్గర నిలబడ్డాను. "కాయ్ పాహిజే?" అంది బండి ఆమె. నేను బిక్కమొహం వేస్తే, "ఏం గావాలె?" అని తనే తెలుగులోకి దిగింది. మహారాష్ట్ర ఇక్కడికి కూతవేటు దూరం. వేడి అటుకుల మీద సన్నకారప్పూస, ఉల్లిపాయ, నిమ్మరసం, ఇరవై రూపాయలు. అటుకులంటే మాకు కృష్ణాష్టమికే. పొద్దున్నే టిఫినుగా తినొచ్చని యాభై రెండేళ్ళు ఎవరూ నాకు చెప్పలేదు.

రెంజల్ బస్సులో పక్క సీటు పెద్దాయన కిటికీలోంచి వరిపొలాలు చూపించాడు. "గిదంత చెరుకుండె బిడ్డా. బండ్లు రోడ్డు మీద లైను గట్టి నిలవడుతుండె. పిల్లలం ఎనకనుంచి గడలు గుంజుకొని ఉరుకుతుంటిమి." ఆ మాట చెబుతూ పెదవులు తడుపుకున్నాడు. ఊరు మళ్ళీ చెరుకు వేయాలని ఎందుకంత ఆశపడుతోందో నాకు అక్కడే అర్థమైంది.

శనివారం: బొమ్మ వచ్చింది, తెలుపు రాలేదు

లావణ్య స్కూటీ మీద వచ్చి తీసుకెళ్ళింది. వాళ్ళ ఇంటి వాకిట్లో కూర్చున్నది గంగారాం తల్లి లస్మవ్వ. ఎనభై దాటాయి, చేతిలో చెంబు. అందులో కల్లు.

"తాగుతవా బిడ్డా? పొద్దుగాల దించింది. తియ్యగున్నది."

మా తెనాలిలో ఇంటి పెద్దావిడ పట్టపగలు వాకిట్లో కల్లు తాగితే వీధంతా వారం రోజులు మాట్లాడుకుంటుంది. నేను రెండు గుక్కలు తాగాను. మూడో గుక్క కూడా తాగాను. తర్వాత జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు. రొట్టెను నేను చిన్నచిన్న ముక్కలు చేసుకుంటుంటే అవ్వకు కోపమొచ్చింది. "కోడిపిల్ల లెక్క గిల్లుతవేందే? పెద్దగ తుంచు."

గంగారాం పొడుగ్గా, తక్కువ మాటలతో ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టి, "మా బిడ్డ కోసం గింత దూరం వచ్చినవు" అన్నాడు. అంతే. కూతురి వైపు చూడలేదు.

మీటింగు జరగబోయే బడి హాల్లో పోశన్న అప్పటికే మిషన్ పెట్టి ఉన్నాడు. టెంట్ హౌస్ యజమాని. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో షామియానాలు, కుర్చీలు, ఈ ప్రొజెక్టరు ఆయనవే. ఎదురుగా సున్నం వేసిన తెల్లటి గోడ. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. లావణ్య ల్యాప్‌టాప్ తగిలించాను. గోడ మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు తప్ప ఏమీ రాలేదు.

నల్ల పలక తెరిచి ఎక్స్‌ర్యాండర్ అని కొట్టాను. ఈ ఆజ్ఞ ఇస్తే ల్యాప్‌టాప్ తనకు ఎవరెవరు తగులుకుని ఉన్నారో, వాళ్ళెంత సైజు బొమ్మ మోయగలరో చెప్పేస్తుంది. చెప్పింది. ప్రొజెక్టరు కనిపిస్తూనే ఉంది, కానీ మన ల్యాప్‌టాప్ అది మోయలేని సైజు పంపుతోంది, పైగా మళ్ళీ ఆ పక్క గది వ్యవహారం. చిన్న సైజు పెట్టి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ రావాలని ఒక్క వరుసలో రాసి మీట నొక్కాను.

గోడ మీద చెరుకు గడ వచ్చింది. లావణ్య నన్ను కావలించుకుంది. నేను ఏమీ పట్టనట్టు ముఖం పెట్టుకున్నాను, లోపల మాత్రం ఎగిరి గంతేశాను.

అప్పుడు చూశాం. చెరుకు ఎర్రగానే ఉంది. మచ్చలు పసుపుగా ఉన్నాయి. పక్కనే పెట్టిన ఆరోగ్యమైన గడ కూడా పసుపే. ఆ ఫొటోలో లావణ్య వేసుకున్న తెల్ల చున్నీ కూడా పసుపే.

గంగారాం వెనక నిలబడి చూస్తున్నాడు. "ఏది బిడ్డా తెల్ల మచ్చ?" అన్నాడు. "గిది పచ్చగున్నది. చెరుకు లోపట ఎప్పుడైన గట్లనే ఉంటది." ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. భుజాలు ఇంత కిందికి దిగాయి. కూతురి మీద గెలిచినందుకు ఇంత సంబరమా అని మనసులో తిట్టుకున్నాను.

నాకు రోగం తెలిసిపోయింది. వీజీఏ కేబుల్లో మూడో పిన్ను నీలం రంగుది. అది వంగితే నీలం పోతుంది, నీలం పోతే తెలుపు కాస్తా పసుపవుతుంది. కేబుల్ విప్పి చూశాను. మూడోది కాస్త వంగే ఉంది! జడపిన్నుతో సరిచేశాను. తగిలించాను. పసుపు. ఆజ్ఞ ఇచ్చి నీలం పెంచాను, ఇంకా పెంచాను. గోడ మీద చెరుకుకు కామెర్లు తగ్గలేదు.

మళ్ళీ బోధన్, మళ్ళీ పసుపు

స్కూటీ మీద ఇద్దరం బోధన్ వెళ్ళి కొత్త కేబుల్ కొన్నాం. షాపతను ఎందుకని అడిగితే నేను పిన్నుల మీద ఉపన్యాసమిచ్చాను. ఆయన అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెప్పాను. పొద్దు ఇంకా ఉండగానే తిరిగొచ్చి తగిలించాను. పసుపు.

"ఏంది మేడం పరేషాన్?" అన్నాడు పోశన్న. "మా మిషన్ల రంగు గట్లనే ఉంటది. ఇరవై పెండ్లిండ్లు చేసిన, ఒక్కడన్న మాట అనలే. పెండ్లి అన్నంక పసుపు ఉండాలె గద?"

నిజమే, ఆ మిషన్ చూసినవి అన్నీ పెళ్ళిళ్ళే. పెళ్ళికూతుళ్ళందరూ మేలిమి బంగారంలా కనిపించి ఉంటారు. ఎవరు ఫిర్యాదు చేస్తారు?

లావణ్య బడి మెట్ల మీద కూలబడింది. "అక్కా, రేపు గిట్లనే వస్తే బాపుది పైచేయి. ఎల్లుండి ఇరవై ఇండ్లల్ల రోగం నాటుతరు. నా కండ్లతోని సూసిన, ఆపలేకపోయిన అన్నట్టయితది. ఊర్ల ఎట్ల తిరుగుడు?"

పక్కనే కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది. దేనికైనా తగులుకుంటుందన్నాను. తగులుకుంది. దానివల్ల ఆ పిల్లకు జరిగిన మేలు, పెద్ద గోడ మీద పెద్దగా ఓడిపోవడం.

ఆదివారం: నుదురు ఎక్కడ, కన్ను ఎక్కడ

పది గంటలకల్లా హాలు నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో. ఆడవాళ్ళు కింద, ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ. మాట వినడానికి వచ్చినా చేతులు ఆగవు. ఆకు కత్తిరించడం, పొగాకు పెట్టడం, చుట్టడం, దారం కట్టడం, చూపు మాత్రం గోడ మీదే. మా ఊరి సభల్లో చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టే కాబోలు, అందరూ ఫోన్లు చూస్తారు.

పోశన్న మిషన్ దగ్గర నిలబడి జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. వేలు నీళ్ళలో తడిపి, పొట్లంలో అద్ది, ప్రొజెక్టరు ముందున్న గాజు మీద ఇంత పసుపు రాశాడు. దాని మీద కుంకుమ చుక్క. కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. తర్వాత తువ్వాలతో మధ్యలో ఒకసారి అలా తుడిచి, "ఇగ షురూ చెయ్యుండ్రి" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నిన్న నేను రాకముందే ఈ పూజ అయిపోయింది. ఇరవై పెళ్ళిళ్ళకూ అయింది. పొరల మీద పొరలు. నిన్న ఆ గాజులో పసుపు మెరుపు నేను చూశాను కూడా, గాజుకు ఏదో పూత ఉంటుందిలే అనుకున్నాను. రెండు కేబుళ్ళు, ఒక కన్వర్టరు, ఒక జడపిన్ను, బోధన్‌లో ఒక ఉపన్యాసం!

"ఆగండాగండి!" అని పైటకొంగు పట్టుకుని గాజు మీదికి వెళ్ళాను.

చాటలన్నీ ఆగిపోయాయి.

"అయ్యో, బొట్టు తుడుస్తదట ఆమె!" అందొకావిడ.

పోశన్న రెండు చేతులతో మిషన్ను గుండెకు హత్తుకున్నాడు. "నా అన్నం పెట్టేది మేడం గిది. బొట్టు తుడిస్తె ఇగ నడుస్తదా?"

అరిష్టమని నాకూ తెలుసు. మా ఇంట్లోనూ బొట్టు తుడవరు. ఇరవై ఇళ్ళ పంట ఒకవైపు, పోశన్న బొట్టు ఒకవైపు. ఆ మాట ఆ హాల్లో నేను అంటే నన్ను తెనాలి దాకా తరుముతారు. లావణ్య ఏడుపు ముఖంతో నన్ను చూస్తోంది.

అప్పుడు ముందు వరుసలోంచి లస్మవ్వ గొంతు వినిపించింది.

"పోశిగా, మీ అవ్వ నీకు బొట్టు యాడ వెడుతుండెరా? నొసట్లనా, కంట్లనా?"

"నొసట్ల, అవ్వా."

"మరి గా మిషన్‌కు కంట్ల వెడితివేందిరా? కంట్ల పసుపు వడ్డంక అది ఏం సూస్తది, మనకేం సూపిస్తది? బొట్టు నెత్తి మీద వెట్టు. కన్ను కడుగు."

బీడీలు చుట్టే ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు, హాలంతా అందుకుంది. పోశన్న ముందు మిషన్ పైభాగాన శ్రద్ధగా కొత్త బొట్టు పెట్టాడు. అది ఆరేదాకా ఆగమన్నాడు. ఆగాను. తర్వాత ఆయనే తడి మెత్తటి గుడ్డతో గాజు తుడిచాడు. గుడ్డ కూరలో ముంచి తీసినట్టుంది.

లావణ్య బొమ్మ పెట్టింది. గోడ మీద ఎర్రటి గడ. ఆ ఎరుపులో అడ్డంగా, సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు. మూడు. నాలుగు. పక్కన తెల్ల చున్నీ, తెల్లగా.

ముందు కుర్చీలోని పెద్దమనిషి సాయన్న లేచి గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు. వెనక్కి తిరిగి, "గంగారాం, గిది తెల్లదే," అన్నాడు.

గంగారాం గోడనే చూశాడు. "మల్లొకసారి పెట్టు," అన్నాడు. లావణ్య మళ్ళీ పెట్టింది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. కోపంతో వెళ్ళాడనుకున్నాం. లావణ్య తలవంచుకుని కూర్చుంది.

కాసేపటికి ఆయన తిరిగొచ్చాడు. ఒక చేతిలో తన తోటలోంచి కోసిన చెరుకు గడ, ఇంకో చేతిలో కత్తి. సోమవారం దాకా పెట్టనన్న కత్తి. అందరి ముందూ గడను నిలువునా చీల్చాడు. లోపల గోడ మీది బొమ్మే.

గడ చేతులు మారింది. లస్మవ్వ దగ్గరికి వచ్చాక ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. వాసన పట్టడంలో ఆ ఊళ్ళో ఆమెను మించినవాళ్ళు లేరు.

"పులిసిన కల్లు," అంది. "ఇది చెరుకు గాదు, పాడయింది."

ఎర్రకుళ్ళు పట్టిన గడకు అదే వాసన ఉంటుందని లావణ్య నాకు తర్వాత చెప్పింది.

సోమవారం

విత్తనం కోసుకుపోవడానికి రావాల్సిన ఇరవై ఇళ్ళవాళ్ళూ కొడవళ్ళతో వచ్చారు. విత్తనం కోసం కాదు, గంగారాంతో కలిసి తోటంతా నరికి, మొదళ్ళు తవ్వి, కుప్పలు పెట్టడానికి. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నానికి మొదటి కుప్ప, ఎండుటాకు కింద పరిచి, సిద్ధమైంది. నా బస్సుకు వేళయింది కానీ కదలబుద్ధి కాలేదు.

గంగారాం అగ్గిపెట్టె కూతురికిచ్చాడు. "నువ్వే వెట్టు."

"నేనెందుకు బాపూ? నీ తోట."

ఆయన కుప్పనే చూస్తూ అన్నాడు. "గా తెల్ల మచ్చ నేను నెల కిందనే సూసిన బిడ్డా. ఒక గడ చీల్చి సూసి, ఎవ్వరికి కనవడకుండ మట్టిల గప్పిన. నువ్వొచ్చి చెప్పినంక రోజు మొక్కుకున్న, నా బిడ్డది తప్పు గావాలె అని. మొన్న గోడ మీద పచ్చగ కనవడ్డప్పుడు పాణం లేచొచ్చింది."

శనివారం ఆయన ముఖంలో నేను చూసిన నవ్వు అప్పుడు గుర్తొచ్చింది. గెలుపని తిట్టుకున్నాను.

లావణ్య అగ్గిపెట్టె తెరిచి ఒక పుల్ల తీసి ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. పెట్టెను తను రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందుకు చాపింది. ఆయన గీశాడు. మొదటిది గాలికి ఆరిపోయింది. ఇంకో పుల్ల ఇచ్చింది. ఈసారి ఇద్దరూ వంగి, చేతులు అడ్డం పెట్టి, ఎండుటాకుకు అంటించారు.